గీతలను గూర్చి కామారెడ్డి జిల్లా పాలకులకు బహిరంగ లేఖ

కామారెడ్డి జిల్లా కలెక్టరు గారికిని, కామారెడ్డి, ఎల్లారెడ్డి పురపాలక సంఘముల కమిషనర్లకును, జిల్లా భూమి కొలతల శాఖాధికారులకును,



మీ కార్యాలయములకు చేరు విన్నపములలో అధికభాగము నీటిని గూర్చియు, దారులను గూర్చియు, పింఛనులను గూర్చియు, పాసుపుస్తకములను గూర్చియు ఉండుననియు, వాని నడుమ బొమ్మలను గూర్చిన లేఖ యొకటి కనబడినచో చదువువారికి నవ్వు పుట్టుట సహజమనియు ఎఱుగుదును. అయినను 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన నిజామాబాదునుండి విడివడి ఈ జిల్లా యేర్పడిన నాటినుండి నేటివఱకును ప్రభుత్వము ప్రజలతో మాటాడుటకు మాటకంటె బొమ్మనే యెక్కువగా ఆశ్రయించుచున్నది. ఫ్లెక్సీ, గోడపత్రిక, వాట్సాపులో తిరుగు ప్రకటన, వార్డుల పటము, పట్టణపు మాస్టర్ ప్లాను, గ్రామ నక్షా, ఇవన్నియు బొమ్మలే. ఆ బొమ్మలు మీ కార్యాలయములలో ఏ రూపమున పుట్టి, ఏ రూపమున మా చేతికి వచ్చుచున్నవో విచారించుట పాలనకు సంబంధించిన విషయమే యగునని నమ్మి, అచ్చుపనితోను బోర్డుల పనితోను చిరకాల పరిచయము గలవాడ నగుటచే ఈ లేఖ వ్రాయుచున్నాను.

కామారెడ్డి రైల్వే స్టేషనునుండి బస్టాండు వైపు నడచినను, ఎల్లారెడ్డి బజారులో తిరిగినను, ఏదేని ప్రభుత్వ కార్యక్రమము జరుగు దినములలో దారి కిరువైపుల నిలుచు ఫ్లెక్సీలను చూడుడు. వానిలో నాయకుల ముఖములు తేటగనే యుండును. ఆ శ్రద్ధ ఎవరు తీసికొందురో వేఱుగా చెప్పనక్కఱలేదు. మూలనుండు రాజముద్ర మాత్రము చూడదగిన స్థితిలో నుండదు. 2014లో రాష్ట్రావతరణ వేళ చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ గారు రూపొందించిన ఆ చిహ్నమున కాకతీయ కళాతోరణమును, దాని లోపల చార్మినారును, నాలుగు సింహముల శీర్షమును, వలయము చుట్టును తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపులలో ప్రభుత్వ నామమును, సత్యమేవ జయతే యను వాక్యమును గలవు. ఇంత సూక్ష్మమైన పనితనము గల చిహ్నము మన వీథులలోనికి వచ్చునప్పటికి సింహములు దూదిముద్దలై, తోరణపు చెక్కడములు బూజు పట్టినట్లై, అక్షరములు ఒకదానిలో నొకటి కరగిపోయి, చూచువానికి ఆకుపచ్చని బిళ్ల యొకటి మాత్రము మిగులుచున్నది. ఎవరో యొక గుమాస్తా తన ఫోనులోనున్న చిన్నబొమ్మను వాట్సాపులో ఫ్లెక్సీ దుకాణమునకు పంపును. దుకాణపు కుఱ్ఱవాడు "పెద్దగ జేస్తే పగుల్తది సార్" అని నిజమే చెప్పును. "ఏం గాదులే, రేపటికి గావాలె" యను ఉత్తరువు వచ్చును. పగులుట యనునది అక్కడినుండియే ఆరంభమగును.

పగులుట ఎందువలనననగా, తెరపై మనము చూచు చిత్రములలో రెండు జాతులు గలవు. మొదటిది బిట్‌మ్యాపు, అనగా చుక్కల కూర్పు. చిత్రమంతయు అడ్డముగను నిలువుగను సన్నని గడులుగా చీలియుండును. ప్రతి గడికి ఒక రంగు చెప్పబడియుండును. ఆ గడియే పిక్సెలు. ఈ చిత్రమునకు తాను సింహమో, అక్షరమో, చేని గట్టో తెలియదు; ఏ గడి ఏ రంగో మాత్రమే తెలియును. రెండవది వెక్టరు, అనగా గీతల కూర్పు. దానిలో గడులుండవు, ఇచ్చటినుండి అచ్చటికి ఇంత వంపుతో ఒక గీత, ఆ గీతలు మూసిన భాగమునకు ఈ రంగు, అను ఆదేశములు మాత్రముండును. మన యిండ్లలో ముగ్గు నేర్చిన ఆడపడుచు "పదునైదు చుక్కలు, ఎనిమిది వఱకు, సందు చుక్క" యని చెప్పి, ఏ చుక్కనుండి ఏ చుక్కకు గీత పోవునో చూపినచో, విన్నవారు దానిని దేవుని పీటముందు జానెడు మేర వేసినను, సంక్రాంతినాడు వాకిలి నిండ వేసినను గీత గీతగానే యుండును. అట్లుగాక, వేసిన ముగ్గును ఫొటో తీసి సాగదీసినచో పిండి రేణువులే పెద్దవగును. వెక్టరునకును బిట్‌మ్యాపునకును గల భేదమంతయు ఇంతియే.

లెక్క వేసి చూచినచో విషయము మఱింత స్పష్టమగును. రెండువందల పిక్సెళ్ల వెడల్పుగల రాజముద్రను రెండడుగుల వ్యాసమునకు సాగదీసితిమనుకొనుడు. ఒక్కొక్క పిక్సెలు మూడు మిల్లీమీటర్ల గడి యగును. అంతకంటె సన్నని రేఖ యేదియు ఆ ముద్రలో నిలువజాలదు. పదియడుగుల ఫ్లెక్సీపై 1600 పిక్సెళ్ల ఫొటోను పఱచినచో అంగుళమునకు పదమూడు పిక్సెళ్లు వచ్చును. ఇరువది యడుగుల దూరమునుండి చూచు ముఖమునకు ఇది యెట్లో చాలును, చిన్నయక్షరములకు చాలదు. దీనికి తోడు, జేపెగ్ పద్ధతిలో చిత్రమును కుదించునప్పుడు ఎనిమిదింటికి ఎనిమిది పిక్సెళ్ల చతురములుగా విడగొట్టి, ప్రతి చతురములోను కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరములను వదలివేయుదురు. ఆకాశమునకును, నిజాంసాగరు నీటికిని ఈ కుదింపు వలన కలుగు హాని స్వల్పము. నల్లని యక్షరము తెల్లని కాగితమును తాకు అంచున మాత్రము దాని వలన దుమ్ము రేగినట్లగును. ఒక ఫోనునుండి మఱియొక ఫోనునకు, అచ్చటినుండి ఇంకొక దానికి పోవు కొలది ఆ దుమ్ము పేరుకొనును.

ఇచ్చట దుకాణదారుడు తనకు తెలిసిన చికిత్స నొకదానిని చేయును. దానినే ట్రేసు కొట్టుట యందురు. చుక్కల బొమ్మను కంప్యూటరునకు చూపి, దాని అంచులవెంట గీతలు తీయుమని అడుగుట ఇందలి ప్రక్రియ. ఈ విద్య క్రొత్తది కాదు. మోటారు కార్ల దేహముల వంపులను గణితమునకు లొంగదీయుటకై ఫ్రాన్సు దేశమున సిత్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్జో 1959లోను, రెనో సంస్థలో పియేర్ బెజియే ఆ తరువాతి దశాబ్దమునను సాధించిన వక్రరేఖలే నేడు ప్రతి డీటీపీ దుకాణములోను కనబడు గీతలకు మూలములు. 1984లో వచ్చిన పోస్ట్‌స్క్రిప్టు భాష వానిని అచ్చుయంత్రములకు నేర్పినది. 1989లో వచ్చిన కోరల్‌డ్రా అను చిత్రలేఖన సాధనము మన పట్టణముల దుకాణములకు వానిని చేర్చినది. 2001లో పీటర్ సెలింగర్ అను గణితాచార్యుడు పోట్రేసు అను ఉచిత సాధనమును లోకమున కిచ్చెను. దానినే ఇంక్‌స్కేపు అను ఉచిత చిత్రలేఖన సాధనము తన లోపల నిలుపుకొన్నది. కనుక కాసు ఖర్చు లేకయే బొమ్మను గీతగా మార్చు శక్తి నేడు ఎల్లారెడ్డిలోని ఏ చిన్న దుకాణమునకైనను గలదు. ఈ మాట చెప్పుట ఆ సాధనమును స్తుతించుటకు కాదు. దాని హద్దును మీకు చూపుటకు.

ట్రేసు చేయు సాధనము మొదట చిత్రమును నలుపు తెలుపులుగా విడదీయును. ఎంత మసకవఱకు నలుపు, ఎచ్చటినుండి తెలుపు అన్నది ఒక మీట త్రిప్పి మనమే నిర్ణయింపవలెను. పిమ్మట నలుపు చుట్టును సరిహద్దు నడచి, మెట్లు మెట్లుగానున్న ఆ సరిహద్దును సరళరేఖలుగను, వంపులుగను నున్నబఱచును. మూల యేదో, వంపు ఏదో తానే తలచుకొనును. ఒకటి రెండు పిక్సెళ్ల చుక్క కనబడినచో మరకగా నెంచి తుడిచివేయును. ఫలితము చూచుటకు మిక్కిలి సొగసుగా నుండును. ఎంత పెంచినను పగులదు. అంచులు కత్తితో కోసినట్లుండును. అయితే ఆ సొగసు నమ్మదగినది కాదు. మసకగానున్న బొమ్మ తాను మసకయని చెప్పుకొనుచునే యున్నది. ట్రేసు చేసిన బొమ్మ మాత్రము తనకు తెలియని దానిని కూడ తెలిసినట్లే చెప్పును.

తెలుగు లిపికి ఇందువలన కలుగు అపకారమును దగ్గఱగా చూడుడు. ప కారమునకును వ కారమునకును భేదము తలకట్టు దేహమునకు అంటుకొనుటలోను, విడివడుటలోను మాత్రమే గలదు. మసకలో ఆ సందు పూడుకొనినచో సాధనము ప కారమును వ కారముగా మూసివేసి నున్నగా గీయును. థ కారపు కడుపులోని చుక్క దానికి మరక. ద కారమునకు ధ కారమునకు నడుమనున్న చిన్నగీత దానికి ముడుత. మీ జిల్లా పేరులోను, ఎల్లారెడ్డి పట్టణము పేరులోను చివర నిలుచు డ్డి యను సంయుక్తాక్షరమే చాలును: క్రింది ఒత్తు పైయక్షరముతో కలిసిపోయి నల్లని ముద్దగా మాఱిన బోర్డులు మన దారులలో కొల్లలు. ఉర్దూ లిపిలో చుక్కల లెక్కను బట్టియే అక్షరము మాఱును గనుక అచ్చట చుక్క పోయిన మాట చదువరాదు, లేదా వేఱు మాట యగును. ఉర్దూ చదువువారు కామారెడ్డి పట్టణమున తక్కువమంది కారు. రాజముద్రలో తమ లిపి చుక్కలు రాలి యుండుట వారు చూచుచునే యున్నారు.

ఈ అక్షరములను ట్రేసు చేయవలసిన అవసరమే లేదు. అక్షరము పుట్టుకతోనే వెక్టరు. కంప్యూటరులోని ఏ ఖతి యైనను వక్రరేఖల సమాహారమే. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఖతులు గలవు. సిలికానాంధ్ర వెలువరించిన ఖతులలో గోలకొండ పత్రికా సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డి గారి పేర సురవరం అను ఖతియే యున్నది. ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చును. బోర్డుపై మాటలను మరల టైపు చేయుటకు పట్టు కాలము వానిని ట్రేసు చేసి దిద్దుటకు పట్టు కాలముకంటె ఎన్నో రెట్లు తక్కువ. దుకాణములలో "అను" పేరుగల ఖతులతో కూర్చిన పనిని వేఱు కంప్యూటరునకు పంపునప్పుడు "కర్వ్స్ చేసి పంపు" మనుట పరిపాటి. అట్లు పంపిన ఫైలులో అక్షరములన్నియు గీతలై యుండును గనుక ఖతి లేని చోట కూడ చెదరవు. మీ కార్యాలయములును దుకాణములవారిని ఈ మాటయే అడుగవలెను. అడిగినచో వారు ఇత్తురు. ఇంతవఱకు అడిగినవారు లేరు.

ఫొటోల విషయమున మాత్రము నా మాట వేఱు. దోమకొండ కోటను, లింగంపేటలోని నాగన్న బావిని, పోచారము జలాశయమును చూపదలచినచో వానిని గీతలుగా మార్చనక్కఱలేదు. మార్చినచో వెలుగునీడలు పోయి రంగు అట్టముక్కల అతుకులు మిగులును. ఫొటోకు కావలసినది కెమెరానుండి వచ్చిన మూలప్రతి. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారములలో గుర్తింపు లభించినది. అట్టి కోట ఫొటోను ఎవరో కుదించి, కుదించిన దానిని మఱియొకరు కుదించి, చివరికి అగ్గిపెట్టెపై లేబులువలె మనకు చూపుట పాపము.

ఇంతవఱకు చెప్పినది కంటికి సంబంధించిన మాట. ఫ్లెక్సీ పగిలినను రెండు దినములలో దించివేయుదురు. పొలము గట్టు విషయమున అట్లు గాదు.

మన తెలంగాణ పల్లెల నక్షాలు, టిప్పనులు నిజాము ప్రభుత్వకాలపు సర్వేలనుండి వచ్చినవి. సర్వే నంబరు నంబరునకును చేనిని గొలుసుతో కొలిచి, ఆ కొలతలను టిప్పనులో వ్రాసిరి. 33 అడుగుల గొలుసు, అది పదహారు అణాలు, దాని చతురము ఒక గుంట, నలుబది గుంటలు ఎకరము. ఆ కొలతలనుబట్టి గ్రామ పటమును గీసిరి. అనగా టిప్పను అంకెలను చెప్పును. నక్షా ఆ అంకెల బొమ్మను చూపును. మనకు రెండును సంక్రమించినవి. కాలము గడచిన కొలది కాగితము ముడుతలు పడినది, పురుగు తిన్నది, మడతలవెంట చినిగినది. 2008లో కేంద్రప్రభుత్వ మారంభించిన భూరికార్డుల ఆధునికీకరణ పథకమునుండి, 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి మీదుగా, 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి వఱకు, కాగితమును కంప్యూటరునకు ఎక్కించు యత్నము వివిధ నామములతో సాగుచునే యున్నది. పేర్లు మాఱినవి, రైతు అడుగు ప్రశ్న మాఱలేదు. నా గట్టు ఎక్కడ?

నక్షాను స్కానరులో పెట్టినచో లభించునది బిట్‌మ్యాపు. దానిని గీతలుగా మార్చుట తప్పనిసరి. లేనిచో వైశాల్యము లెక్కకు రాదు, ఉపగ్రహ చిత్రముపై పఱచుట కుదరదు, పెద్దదిగా చూడబోయిన పగులును. ఇంతవఱకు వివాదము లేదు. గీతగా మార్చుట ఎట్లన్నదే ప్రశ్న. ఒక నక్షా ఎనిమిది వేలవ వంతు పరిమాణమున గీయబడినదనుకొని లెక్క చూడుడు. అంగుళమునకు రెండువందల చుక్కల చొప్పున స్కాను చేసినచో ఒక్కొక్క పిక్సెలు నేలపై ఒక మీటరునకు పై చిలుకు. కలముతో గీసిన అర మిల్లీమీటరు గీత నేలపై నాలుగు మీటర్ల వెడల్పు, అనగా పదమూడు అడుగులు. రెండువందల మీటర్ల గట్టు పొడవున ఆ నాలుగు మీటర్లు ఎనిమిది వందల చదరపు మీటర్లగును. ఇంచుమించు ఎనిమిది గుంటలు. సిరా గీత యొక్క ఏ అంచున హద్దు వేసితిమన్న దానినిబట్టి, ఇద్దఱు అన్నదమ్ముల నడుమ ఎనిమిది గుంటలు అటో ఇటో ఒరుగును. కామారెడ్డి చుట్టుప్రక్కల నేడు గుంటకు పలుకు ధర మీకు నేను చెప్పవలసిన పని లేదు.

సాధనమును దాని యిష్టమునకు వదలినచో చేయునది మఱింత వింత. అంచులవెంట నడచు సాధనమునకు ఒక గీత ఒక గీత కాదు. రెండు అంచులుగల సన్నని పట్టీ. కనుక ప్రతి గట్టునకును రెండేసి హద్దులు వచ్చును, నడుమ ఎవరికిని చెందని నేల పుట్టును. నక్షా మడత పడిన చోటి చార దానికి గట్టు. పురుగు తిన్న రంధ్రము దానికి బావి. బండ్ల బాటకు వేసిన చుక్కల వరుస దానికి మరకల వరుస, కాబట్టి బాట మాయము. అన్నిటికంటె ఘోరమైనది అంకెల విషయము. నిజాము కాలపు పత్రములు ఉర్దూలో వ్రాసినవి అనేకములు. ఉర్దూ అంకెలలో సున్న యనగా ఒక చుక్క. ఆ చుక్క తుడుచుకొని పోయినచో 120వ నంబరు 12వ నంబరగును. అట్టి చుక్క యొక్కటి పోవుటయే ఒక కుటుంబము మూడు తరములు తహసీలు కార్యాలయము చుట్టు తిరుగుటకు చాలును.

కావున నా మనవి యేమనగా, కొలత ఉన్న చోట బొమ్మనుండి గీత తీయవలదు. కొలతనుండి గీత గీయుడు. టిప్పనులోని గొలుసు అంకెలను కంప్యూటరునకు ఇచ్చి గీయించిన హద్దు నిజమైన వెక్టరు. మసకనుండి తీసిన హద్దు వెక్టరు వేషమున నున్న మసక. టిప్పను లేని చోట, చినిగిన నక్షా ఒక్కటే ఆధారమైన చోట, ట్రేసు చేయక తప్పదు. అచ్చటనైనను ఉర్దూ చదువగలిగి, ఆ గ్రామపు చెఱువును, వాగును, పొలిమేర రాళ్లను ఎఱిగిన మనిషి మౌసు పట్టి, గీత నడుమనుండి ఒక్కొక్క మలుపును చేతితో గుర్తించుచు పోవలెను. పిదప ఆ హద్దు "నక్షానుండి తీసినది" యని, ఈ హద్దు "కొలతనుండి గీసినది" యని ఫైలులోనే వ్రాసియుంచవలెను. చూచువాడు రెండింటిని ఒకే నమ్మకముతో చూడకుండ నుండుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు. వెక్టరు ఫైలునకు ఈ సౌలభ్యము గలదు: ప్రతి గీతకును దాని చరిత్రను ముడివేయవచ్చును. చుక్కల బొమ్మకు అది లేదు.

ఇక పట్టణ పటముల మాట. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాను ముసాయిదాపై లేచిన ఆందోళనను ఎవరును మఱచియుండరు. అడ్లూరు ఎల్లారెడ్డి మొదలగు చుట్టుప్రక్కల గ్రామముల రైతులు తమ సాగుభూములు పారిశ్రామిక మండలముగా చూపబడినవని కలెక్టరేటునకు తరలివచ్చిరి; చివరకు పురపాలక సంఘము ఆ ముసాయిదాను వద్దని తీర్మానించినది. నాటి వివాదమునకు పటము యొక్క స్పష్టతాలోపము కారణమని నేననను. కారణము భూమి, భూమి మీది బ్రతుకు. అయినను ఆ దినములలో ఊరూర జనులు చేసిన పని యేదియనగా, పటముపై తమ సర్వే నంబరును వెదకుట. ఫోను తెరపై రెండు వ్రేళ్లతో పటమును పెద్దది చేసి, రంగుల నడుమ తన నంబరు ఏ రంగులో పడినదో చూచుకొనుట ప్రతి రైతునకు హక్కు. ఫోనునుండి ఫోనునకు పోయిన చుక్కల బొమ్మలో ఆ హక్కు నెఱవేఱదు. పెంచిన కొలది నంబరు కరగిపోవును, రంగుల హద్దు మెట్లు మెట్లుగా మాఱును. చదువరాని పటము చుట్టును పుకారు త్వరగా అల్లుకొనును. అది అధికారులకును మేలు కాదు.

ఇందు విచారింపదగిన విషాద మొకటి గలదు. పట్టణ ప్రణాళికా పటములను గీయు నిపుణులు వానిని మొదట వెక్టరుగనే గీయుదురు. వేఱు విధముగ గీయుట వారికి రాదు. పిమ్మట దానిని కాగితముపై అచ్చు వేసి, పెద్దలు సంతకములు చేసి, ముద్రలు వేసి, ఆ కాగితమును మరల స్కాను చేసి, పీడీఎఫ్ అని పేరు పెట్టి ప్రజలకు ఇచ్చుట మన కార్యాలయముల ఆచారము. పీడీఎఫ్ అన్నంత మాత్రమున వెక్టరు కాదు. అది సంచి వంటిది, లోపల గీతలును ఉండవచ్చును, చుక్కలును ఉండవచ్చును. లక్షలు వెచ్చించి గీయించిన గీతలను ఒక్క సంతకము కొఱకు చుక్కలుగా పొడి చేయుచున్నాము. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమును గుర్తించినది. అధికారుల కడ ఆ సంతకపు సాధనములు గలవు. బిల్లులు వానితోనే సాగుచున్నవి. పటము మాత్రము ఇంకను స్కానరు గుండా పోవలెనని యెందుకు? 2005 సమాచార హక్కు చట్టము కంప్యూటరులోనున్న సమాచారమును ఎలక్ట్రానిక్ రూపముననే పొందు హక్కును పౌరునికి ఇచ్చుచున్నది. అడిగి తీసికొనువఱకు వేచియుండుట కంటె ముందుగనే ఇచ్చుట ప్రభుత్వమునకు గౌరవము.

ఖర్చు విషయమున సందేహింపవలదు. 2001లోనే ప్రపంచ వెబ్ సంఘము ఎస్‌వీజీ అను వెక్టరు రూపమును ప్రమాణముగా ప్రకటించినది. నేడు ప్రతి ఫోనులోని బ్రౌజరును దానిని చూపగలదు. గీతల ఫైలు అదే స్పష్టత గల చుక్కల ఫైలు కంటె సాధారణముగ చిన్నది. పల్లెలో సిగ్నలు అంతంత మాత్రమున్న చోట అది కూడ లాభమే. రాజముద్ర విషయమున జిల్లాకు ఒక్క మంచి వెక్టరు ప్రతి చాలును. సమాచార శాఖ ద్వారా రాజధానినుండి తెప్పించి, ప్రతి మండల కార్యాలయమునకును ప్రతి పంచాయతీకిని ఒక్కొక్కటి పంచినచో, ఇకమీద ఏ గుమాస్తాయు తన ఫోనులో వెదకుకొననక్కఱలేదు. వాట్సాపులో పంపవలసి వచ్చినను ఫొటోగా గాక డాక్యుమెంటుగా పంపినచో కుదింపు తప్పును. ఈ చిన్న సంగతి తెలియక పోయిన స్పష్టత ఇంత అంత కాదు.

ఎల్లారెడ్డి 2018లో పురపాలక సంఘమైనది. వార్డుల పటములు, మురుగుకాలువల పటములు, నీటి గొట్టముల పటములు గీయవలసిన పని ఆ పట్టణమునకు ఇంకను ఎన్నో ఏండ్లుండును. అచ్చటనైనను మొదటినుండి గీతలుగా గీసి, గీతలుగనే దాచి, గీతలుగనే ప్రజలకు ఇచ్చు అలవాటు పడినచో, తరువాత వచ్చు కమిషనరు పాత కాగితమును స్కాను చేసి ట్రేసు కొట్టించు దుర్గతి తప్పును. కామారెడ్డి మాస్టర్ ప్లాను ముసాయిదా ఎప్పుడు మరల ప్రజల ముందుకు వచ్చినను, సర్వే నంబర్లు తేటగా చదువదగిన వెక్టరు పటముగా, డిజిటల్ సంతకముతో, స్కానరు మెట్లెక్కక రావలెనని కోరుచున్నాను. గ్రామ నక్షాలను కంప్యూటరునకు ఎక్కించు గుత్తేదారులకు, టిప్పను ఉన్న చోట ట్రేసు నిషిద్ధమని షరతు వ్రాయించుడు. లేని చోట చేతితో తీసిన ప్రతి హద్దు ప్రక్కనను దాని ఆధారమును వ్రాయించుడు. ఈ రెండు షరతులును టెండరు పత్రములో రెండు పంక్తులకు మించవు. తదుపరి టెండరు పిలుచుటకు ముందే వానిని చేర్చవలసినదిగా ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
కామారెడ్డి జిల్లా పౌరుడొకడు